మొహమాటం లేని జాబితా

మూట అన్న పేరు పెట్టింది మా వదిన. మేము పెట్టిన పేరు వేరే ఉంది. నాలుగు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు ఏరి చేసిన ఆ పేరును ల్యాబ్ బయట ఒక్కరూ పలికిన పాపాన పోలేదు. మా అన్నయ్య తలకి మొదటిసారి పట్టీ కట్టిన రోజున నేను వదినని కూర్చోబెట్టి సంగతంతా వివరించబోయాను. మనసులో కలిగింది కలిగినట్టుగా తీగ మీద ప్రయాణం చెయ్యదు, దాన్ని చదును చేసి, మడిచి, కట్టి పంపాలి, అవతల మళ్ళీ విప్పి ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి అని చెబుతుంటే ఆవిడ సగంలో ఆపేసింది.

"అంటే ఇక్కడ మూట కట్టడం, అక్కడ మూట విప్పడం. అంతేగా? దీనికి ఇంత చదువెందుకే మాణిక్యం?"

వారం తిరిగేసరికి మా డైరెక్టరుగారితో సహా అందరం మూట అనే అంటున్నాం.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ కోసం మేము చేసిన టపా అది. రోగి తలకి ఒక మెత్తటి పట్టీ ఉంటుంది. ఇంట్లోవాళ్ళ చెవి వెనక రూపాయంత బిళ్ళ ఉంటుంది. రోగికి దాహం వేస్తే పట్టీ ఆ దాహాన్ని మూట కట్టి పంపుతుంది. కాకినాడలో మా ల్యాబ్‌లో ఉన్న సర్వర్ దాన్ని అందుకుని, విప్పి చూసి, ఆకలో దాహమో అయితే ఇంట్లోవాళ్ళకి చేరవేస్తుంది. నొప్పో ఆయాసమో అయితే డాక్టరుకి కూడా పంపుతుంది. బిళ్ళ పెట్టుకున్నవాళ్ళకి నాలుగైదు సెకన్లపాటు ఆ దాహం తమకే వేసినట్టు పలచగా తెలుస్తుంది. లేచి మంచినీళ్ళు తెచ్చి ఇస్తారు. మూడేళ్ళలో, పై రాష్ట్రాలతో కలిపి, నాలుగు వేల ఇళ్ళకి ఇచ్చాం.

మా అన్నయ్య పేరు తాతబ్బాయి. జగన్నాథపురం వంతెన దిగినచోట చిన్న గదిలో ముప్పై ఏడేళ్ళు జాకెట్లు కుట్టాడు. నన్ను ఇంజినీరుని చేసింది ఆ కుట్టుమిషనే. యాభై ఎనిమిదో ఏట అతనికి మాట, కుడిచెయ్యి రెండూ ఒకే ఉదయం పోయాయి. కాళ్ళు మాత్రం మిగిలాయి. ఎడమచేత్తో గుడ్డ నడుపుకుంటూ, కాలితో మిషను తొక్కుతూ దిండు గలీబులు కుట్టేవాడు. కుట్టు కాస్త వంకర పోయేది. వీధిలో సగం ఇళ్ళలో ఆ వంకర గలీబుల మీదే పడుకుంటున్నారు. మిషను చప్పుడు వినబడుతున్నంతసేపు మా వదిన ప్రాణం నిమ్మళంగా ఉండేది.

అన్నయ్య ఎలాంటివాడో ఒక్క ముక్కలో చెప్తాను. పెళ్ళి పంక్తిలో పప్పు వడ్డించేవాడు అతని విస్తరి దాటిపోతే, పిలిచి అడగలేక, ఉత్తి పులుసుతో అన్నమంతా తినేసి లేచే రకం. ఇంటికొచ్చి "పప్పు బాగుందిటే" అని కూడా అనేవాడు.

అతని మూటల్లో మొదటినుంచీ ఒక తేడా ఉండేది. నా బిళ్ళలో దాహం తగలడానికి ముందు, అర సెకను, ఒక చిన్న వెనకాడడం తగిలేది. అది యంత్రం ఆలస్యం అనుకున్నాను. మా జిల్లాల రోగులందరి మూటల్లోనూ ఆ ఆలస్యం ఉందని లెక్క తేల్చి, తీగల్లో లోపమేమోనని టెలిఫోనువాళ్ళని తిట్టి, రెండు నెలలు దాన్ని తగ్గించడానికి నానా తంటాలు పడ్డాను. తగ్గలేదు. సర్లే అని వదిలేశాను.

ఏప్రిల్ చివరి వారంలో ఒక ఉదయం నస్రీన్ నా బల్ల దగ్గరికి వచ్చింది. సామర్లకోట నుంచి రోజూ రైల్లో వచ్చే నస్రీన్ మా ల్యాబ్‌లో తప్పులు పట్టే మనిషి. ఆమెకి అది ఉద్యోగమూ, స్వభావమూ కూడా.

"మేడమ్, ఒక ఆకలి మూట పంపిస్తాను. మీ సర్వర్ ఏం చేస్తుందో చూద్దురుగాని."

పంపింది. తెర మీద 'ఆకలి' అని పడింది. బాగానే ఉందిగా అనబోతున్నాను. నేను కీబోర్డు ముట్టుకోలేదు, నా తెర మీద అక్షరాలు వాటంతటవే నడుస్తున్నాయి. నమస్తే మేడమ్ అని వచ్చింది. దాని కింద నాలుగు వేలమంది రోగుల పేర్లు, చిరునామాలు దొర్లుకుంటూ వచ్చాయి.

"ఇప్పుడు మీ సర్వర్‌కి నేనే మీరు," అంది నస్రీన్. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

"ఎలా చేశావ్?"

"మూట మీద ఆకలి అని రాశాను. లోపల ఆకలి పెట్టలేదు. 'నేను ఈ సర్వర్ తాళాలు చూసే పనివాణ్ణి, నన్ను తయారుచేసి నిలబెట్టు' అని పెట్టాను. తయారుచేసి నిలబెట్టింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు మేడమ్."

"విప్పాక చూసి, పనికిరానిదైతే పారేస్తుంది కదా. ఆ భాగం రాశాను నేను."

"విప్పడమంటేనే తయారుచెయ్యడం కదండీ. పనివాడు లోపలికొచ్చి కుర్చీ వేసుకు కూర్చున్నాక, ఎవరు బాబూ నువ్వు అంటే ఏం లాభం? పైగా సర్వర్ ముందు విప్పుతోంది, ఎవరు పంపారని తర్వాత అడుగుతోంది."

 ఆ విప్పే భాగం మూడేళ్ళ కిందట నా చేత్తో రాసినది. నోరులేని మనిషి పంపినదాన్ని అనుమానించడమేమిటి, ఏది వస్తే అది విప్పుదాం అని అప్పుడు అనుకున్నాను. అలా అనుకున్నందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా. నస్రీన్ ఇంకో కాగితం నా ముందు పెట్టింది. గడిచిన వారంలో ఎవరో తెలియనివాళ్ళు ఇలాంటి మూటలే రెండుసార్లు పంపి చూశారు. వాళ్ళకి దారి దొరకలేదు గానీ ఎంతో దూరంలో లేరు. ఆ దారి దొరికితే ఒక్క మూటతో నాలుగు వేల ఇళ్ళలో బిళ్ళ పెట్టుకున్న ప్రతి మనిషికీ ఒకేసారి చావుభయం పుట్టించవచ్చు. వాళ్ళలో గుండెజబ్బువాళ్ళు ఉంటారు, మెట్లు దిగుతున్నవాళ్ళు ఉంటారు, స్టవ్ మీద నూనె పెట్టుకున్నవాళ్ళు ఉంటారు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు సోమయాజులు గారి గదిలో అందరం కూర్చున్నాం. విరుగుడు నస్రీనే చెప్పింది. ఏయే అనుభూతుల్ని సర్వర్ తయారుచెయ్యవచ్చో ఒక జాబితా రాసి దాని చేతికివ్వాలి. జాబితాలో ఉంటేనే విప్పాలి. ఒక మూటలో మూట, దానిలో ఇంకో మూట ఉంటే, ఏ ఒక్క పొర జాబితాలో లేకపోయినా మొత్తం మూటని విప్పకుండానే ఆపెయ్యాలి. ఇంతకంటే గట్టి గొళ్ళెం లేదు.

జాబితా అప్పటికే సిద్ధంగా ఉంది. ఎవరో పై దేశాలవాళ్ళు ఏళ్ళతరబడి పరిశోధించి చేసిన పట్టిక, రెండు వందల పన్నెండు అనుభూతులు. నొప్పే పదకొండు రకాలుంది. మధ్యాహ్నం యంత్రం చేత తెలుగు చేయించి మా ముందు తలా ఒక ప్రతి పెట్టారు. నేను వేలు పెట్టుకుని కిందికి చదివాను. భయం ఉంది, సిగ్గు ఉంది, అపరాధ భావన ఉంది, విసుగు మూడు రకాలుంది. అలక లేదు. బెంగ లేదు. ఇంకా ఏదో, రోజూ వాడేది, నోటిమీదే ఉన్నది, అదీ లేదనిపించింది. ఒక్క రోజు ఆగుదాం, మనవాళ్ళ మూటలతో సరిచూద్దాం అని చెబుదామనుకున్నాను.

అప్పుడే వేడివేడి బజ్జీలు, టీ వచ్చాయి. సోమయాజులు గారు కలం మూత పెట్టేశారు. నా మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి, నా మీద ఒక్కనాడూ గొంతు పెంచని మనిషి, ఆ పూట మూడో మీటింగుతో అలిసిపోయి ఉన్నారు.

"అయితే అందరికీ సమ్మతమేనా? ఏమ్మా మాణిక్యం?"

అందరూ నా వైపు చూశారు. టీ చల్లారిపోతోంది. "సమ్మతమేనండీ" అన్నాను.

ఆ రాత్రికి రాత్రే గొళ్ళెం పడింది. వారంలో వేలకొద్దీ మూటలు ఆగిపోయాయి. ఆగినవాటిని చెత్త అనడం బాగోదని, నిలుపుదల గది అని పేరు పెట్టి ఒకచోట పోగేశాం. ఎన్ని ఆగితే అంత దాడి జరుగుతోందన్నమాట అని మాకు మేమే భుజాలు తట్టుకున్నాం. సోమయాజులు గారు అందరికీ అభినందనల లేఖ పంపారు. అందులో నా పేరు ముందుంది.

మేలో ఒక ఆదివారం ముంజలు కొనుక్కుని మధ్యాహ్నం భోజనానికి అన్నయ్యగారింటికి వెళ్ళాను. వదిన అనంతలక్ష్మి మామిడికాయ పప్పు చేసింది. అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"మిషనెక్కడం లేదేంటి వదినా?"

"బద్ధకించారమ్మా, ఎండలు కదా. కానీ మనిషి మాత్రం బాగా నెమ్మదించారు. పదకొండు రోజులైంది మూట వచ్చి. ఇదివరకు రోజుకి మూడు నాలుగొచ్చేయి. ఇప్పుడు ఏదీ అడగరు. గంటకోసారి నేనే నీళ్ళు పట్టిస్తున్నాను."

"మంచిదేగా," అన్నాను. నిజంగానే అన్నాను. నా చెవి వెనకా బిళ్ళ ఉంది. పదకొండు రోజులుగా నాకూ ఏమీ రాలేదు. అన్నయ్య బాగున్నాడనుకుని నా పనిలో నేను పడ్డాను.

ముంజ ఒలిచి నోటికి అందిస్తుంటే అన్నయ్య కుడిపాదం కంటబడింది. బూడిదరంగు మేజోడు వేసి ఉంది. కాకినాడలో, మే నెలలో, ఇంట్లో కూర్చున్న మనిషి కాలికి మేజోడు.

"చలేస్తోందేమోనే, తనే తొడుక్కున్నారు ఆ ఎడంచేత్తో. తియ్యనివ్వడం లేదు," అంది వదిన వంటింట్లోంచి.

నేను వంగాను. అన్నయ్య పాదం వెనక్కి లాక్కోబోయాడు, లాక్కోలేకపోయాడు. మేజోడు కిందికి జార్చాను. వేళ్ళు నేరేడు పళ్ళలా ఉన్నాయి. బొటనవేలైతే పూర్తిగా నల్లబడింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. తలెత్తి చూశాను. అన్నయ్య ముఖంలో కోపం లేదు, నింద లేదు. కబురు పెట్టిన చుట్టం ఆలస్యంగానైనా గుమ్మంలోకి వచ్చినప్పుడు చూసే చూపు చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదం మీద వేలితో నొక్కి నాడి వెతికింది. కాలికి రక్తం తీసుకెళ్ళే గొట్టం మూసుకుపోయింది, మొదట్లో వస్తే తెరిచేవాళ్ళం అంది. "ఇది మామూలు నొప్పి కాదండీ. మగవాళ్ళు అరిచి గోల చేస్తారు. పది రోజులకి తక్కువ కాదు. ఈయన ఏ విధంగానూ చెప్పలేదా?"

ఏం చెప్పను? ఆ మనిషి ఏ విధంగా ఉన్నాడో ఇంట్లోవాళ్ళకి నిమిషాల్లో తెలిసే యంత్రం కనిపెట్టినదాన్ని నేనే అని చెప్పనా?

మర్నాడు మధ్యాహ్నం మోకాలి కింద నుంచి తీసేశారు. వరండాలో బల్ల మీద వదిన నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. చెవి వెనక బిళ్ళ ఊడబీకి అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తోంది.

"మూట వస్తే ఊరుకుంటానా మాణిక్యం? నొప్పని ఒక్క మూట వస్తే?"

"తెలుసు వదినా."

"ముప్పై నాలుగేళ్ళు ఆయన మొహం చూసే కనిపెట్టానే అన్నీ. ఆయన నోరు తెరిచి ఏనాడైనా అడిగితే కదా. ఈ బిళ్ళ పెట్టుకున్నాక మొహం చూడ్డం మానేశాను. వచ్చినప్పుడు వస్తుందిలే అని టీవీ చూస్తూ కూర్చున్నాను." బిళ్ళని నా చేతిలో పెట్టింది. "ఇది నాకొద్దమ్మా."

నేను అక్కణ్ణించి తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాను. పట్టీ చెడిపోయిందేమో, ఛార్జింగు అయిపోయిందేమో అని ఆటోలో కూర్చుని ఎన్ని కారణాలు వెతుక్కున్నానో. ఏదో ఒకటి చెడిపోయి ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. ఏదీ చెడిపోలేదు. నిలుపుదల గది తెరిచి అన్నయ్య నంబరు కొట్టాను. నలభై మూడు మూటలున్నాయి. గొళ్ళెం పడిన రోజు నుంచి అతను పంపిన ఒక్కటి కూడా బయటికి వెళ్ళలేదు. అన్నింటి మీదా ఒకటే రాసి ఉంది: పై పొర జాబితాలో లేదు.

నస్రీన్ని పిలిచాను. ఆమె నిలుపుదల గదిలో ఉన్న మూటలన్నీ జిల్లాలవారీగా విడగొట్టింది. ఆగిన మూటల్లో ముప్పాతిక వంతు మన తెలుగు ఊళ్ళవే. దాడి చేసినవాళ్ళవి పట్టుమని పది లేవు.

"విప్పాలి," అన్నాను.

"వద్దు మేడమ్. ఈ నలభై మూడులో ఎవరో పన్నింది ఒకటి ఉండదని గ్యారంటీ ఏంటి? విప్పకుండా తెలీదు, విప్పితే ఆపలేం. ఆ మాట చెప్పిందే మనం."

"సర్వర్‌లో విప్పను. తీగలన్నీ పీకేసిన పాత యంత్రంలో విప్పుతాను. నా బిళ్ళతో, నాకు ఒక్కదానికే."

"మీ తల కదండీ అది."

"మా అన్నయ్య కదా పంపింది."

నస్రీన్ లేచి వెళ్ళింది. పాత యంత్రం తెచ్చి, తీగలు ఒక్కొక్కటీ తనే పీకి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ ఉంది.

మొదటి మూట విప్పాను. నేను రెండు నెలలు యంత్రం ఆలస్యం అనుకున్న ఆ వెనకాడడం వచ్చింది. ఈసారి అర సెకను కాదు, పూర్తిగా వచ్చింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతూ ఒకరింట్లో కూర్చున్నాం, ఆ ఇల్లాలు చంటిపిల్లకి అన్నం పెడుతోంది, ఇప్పుడు అడిగితే లేవాల్సొస్తుంది, పోనీ ఆగుదాంలే. సరిగ్గా అది. అందులో చుట్టి, లోపల, నొప్పి ఉంది. బొటనవేలు నిప్పులో పెట్టినట్టు మండింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

దాని పేరు నాకు అప్పుడు తట్టింది. నోటిమీదే ఉండి రానిది, రోజూ వాడేది. మొహమాటం. నాకు అది కొత్తదేమీ కాదు. టీ చల్లారిపోతుంటే, అందరూ నా వైపు చూస్తుంటే, సమ్మతమేనండీ అన్నప్పుడు నా గొంతులో ఉన్నది అచ్చంగా అదే. ఆ జాబితాలో మొహమాటం చేరకపోవడానికి కారణం నా మొహమాటమే. ఆ సంగతి అర్థమయ్యాక నాకు నామీద అసహ్యం వేసింది.

ఇరవయ్యో మూట విప్పాను. నొప్పి పెరిగింది. దాని చుట్టూ పొరలూ పెరిగాయి. చెప్పానుగా, విన్నారుగా, వీలు చూసుకుని వస్తారు, మళ్ళీ మళ్ళీ చెబితే బాగుండదు. అందుకే వదినకి సైగ చెయ్యలేదు. అతని లెక్కలో అతను చెప్పాడు, ఇరవైసార్లు చెప్పాడు. మేము వినలేదని అతనికెలా తెలుస్తుంది?

ఆఖరిది నేను వెళ్ళిన ఆదివారం ఉదయానిది. అందులో నొప్పి ఎంత ఉందో చెప్పను. దాని పైన ఉన్నది చెప్తాను. పాపం వాళ్ళకి ఎంత పనుందో.

నేను బిళ్ళ తీసేసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నస్రీన్ నా మణికట్టు వదల్లేదు.

గురువారం మళ్ళీ డైరెక్టరుగారి గదిలో కూర్చున్నాం. అన్నయ్య సంగతి ఆయనకి తెలిసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దీనికింత ఆలోచనెందుకమ్మా, రెండు వందల పదమూడోది చేర్చేద్దాం. మొహమాటం. అయిపోయె," అన్నారు.

నేనూ అదే కోరుకుని వచ్చాను. కానీ ఆ ఉదయమే నస్రీన్ నాకు ఒకటి చూపించింది, దాన్ని ఇప్పుడు వాళ్ళందరికీ చూపించమన్నాను. ఆమె పరీక్ష సర్వర్‌లో మొహమాటాన్ని జాబితాకెక్కించి ఒక మూట పంపింది. రెండు సెకన్లలో మళ్ళీ నమస్తే అని వచ్చింది.

"భయంలో భయమే ఉంటుందండీ. ఆకలిలో ఆకలే," అంది నస్రీన్. "మొహమాటం అలాంటిది కాదు. దానికి సొంతంగా ఏమీ లేదు, దానిలో ఏదైనా చుట్టొచ్చు. నొప్పి చుట్టొచ్చు, కోపం చుట్టొచ్చు, వద్దనడం చుట్టొచ్చు. లోపల ఏముండాలో హద్దు గీస్తే అది మొహమాటమే కాదు. హద్దు గీయకపోతే దొంగకి అంతకంటే మంచి సంచి లేదు. దీన్ని చేరిస్తే ఏప్రిల్లో మూసిన తలుపు మళ్ళీ తెరిచినట్టే."

 సోమయాజులు గారు నా వైపు తిరిగారు.

"నాలుగు వేలమంది ఉన్నారమ్మా. మీ అన్నయ్యలాంటివాళ్ళ కోసం..." ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. "పోనీ, కాలమే చూసుకుంటుంది. నెమ్మదిగా వాళ్ళే సూటిగా పంపడం అలవాటు చేసుకుంటారు. అందరికీ సమ్మతమేనా?"

"నాకు సమ్మతం కాదండీ," అన్నాను.  "ఏప్రిల్లోనే జాబితాలో కొన్ని లేవని నాకు తెలుసు. మీరు అలిసిపోయి ఉన్నారని ఊరుకున్నాను. ఆ తప్పు నాది, అది రాతపూర్వకంగా ఇస్తాను. అరవై ఏళ్ళు మొహమాటంతో బతికిన మనిషిని, కాలు పోయాక, మన గొళ్ళానికి సరిపోయేలా మారమనడం నావల్ల కాదు."

"మరేం చెయ్యమంటావ్? విప్పితే ప్రమాదం, ఆపితే ప్రమాదం."

"విప్పవద్దు, ఆపవద్దు. మూసి ఉన్నదాన్ని మూసినట్టే ఇంట్లోవాళ్ళకి చెప్దాం. బిళ్ళలో ఏ అనుభూతీ పుట్టించవద్దు, రెండుసార్లు తట్టి ఊరుకోవాలి. ఫోనులో ఒక్క మాట వస్తుంది: ఫలానావారి దగ్గర్నుంచి మూట వచ్చింది, మేము విప్పలేదు, వెళ్ళి అడగండి."

"విప్పలేని టపా కూడా ఒక టపాయేనా?" అన్నారు ఆయన. ఎగతాళిగా కాదు, బాధగానే అన్నారు. మూడేళ్ళ ఆయన కల అది.

"దొంగ మూట వస్తేనో?" అని ఎవరో అడిగారు.

జవాబు నస్రీన్ చెప్పింది. "వస్తే ఏమవుతుందండీ? ఎవరో ఒకరు లేచెళ్ళి ఇంట్లో మనిషిని ఎలా ఉన్నావని అడుగుతారు. అంతకు మించి ఏ హానీ చెయ్యలేదు అది."

 సోమయాజులు గారు కాగితం దగ్గరికి లాక్కుని కలం మూత తీశారు.

జూన్ మూడో వారంలో వానలు మొదలయ్యాయి. అన్నయ్య ఇంటికి వచ్చి పది రోజులైంది. ఆ మధ్యాహ్నం వదిన మందుల కొట్టుకి వెళ్ళింది, పక్కింటావిడని చూస్తుండమని చెప్పి. నేను ల్యాబ్‌లో ఉన్నాను. చెవి వెనక రెండుసార్లు తట్టినట్టయింది. దాహం లేదు, నొప్పి లేదు, ఏమీ లేదు. ఉత్త తట్టడం. ఫోను చూడకుండానే స్కూటరు తీశాను.

అన్నయ్య మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నడుం దాకా దుప్పటి ఉంది. తడిసి వచ్చిన నన్ను చూసి కంగారుపడి, తువ్వాలు ఉన్న వైపు చెయ్యి చూపించాడు.

"మూట పంపావట. ఏం కావాలన్నయ్యా?"

ఏమీ లేదన్నట్టు ఎడమచెయ్యి ఊపాడు.

"మంచినీళ్ళా? బాత్రూమ్‌కా?"

కాదు కాదు. గోడ మీద గడియారం చూపించాడు, తర్వాత గుమ్మం చూపించాడు. నీకు పనుంటుంది, వెళ్ళు. నవ్వు కూడా నవ్వాడు. ఇదివరకైతే వెళ్ళిపోయేదాన్ని. తల తుడుచుకుని, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. బిళ్ళ తీసి జేబులో పెట్టుకున్నాను.

"నాకు పనిలేదు. సెలవు పెట్టి వచ్చాను. ఏంటో చెప్పు."

మళ్ళీ ఏమీ లేదన్నాడు, ఈసారి నా కళ్ళలోకి చూడకుండా. బయట వాన పెద్దదైంది. నేను అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. మా ఇద్దరిదీ ఒకే ముక్కు. కనుబొమల మధ్య కొత్తగా ఒక గీత పడింది. అది ఉండుండి ముడుచుకుంటోంది, వెంటనే అతను దాన్ని సరిచేసుకుంటున్నాడు. ఎంతసేపు చూశానో తెలియదు. మూడోసారి అడిగాను.

అన్నయ్య చెయ్యి దుప్పటి మీద కొంచెం కొంచెంగా కదిలింది. మోకాలి దాకా వెళ్ళింది, దాటింది, దుప్పటి పడిపోయి చదునుగా ఉన్నచోట ఆగింది. వెంటనే తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని తల దించుకున్నాడు.

తీసేసిన కాలు నొప్పి పెడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, చాలామందికి ఉంటుందట. కానీ అన్నయ్యకి అది చెప్పినవాళ్ళు లేరు. నొప్పి తగ్గడానికేగా అందరూ అంత శ్రమపడి ఆ కాలు తీశారు. ఇప్పుడు ఆ లేని కాలే నొప్పి అని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

"ఆ కాలేనా?"

తల దించుకునే ఊపాడు.

"బొటనవేలా?"

ఊఁ అన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

నేను వంగి, వేలు ఉండాల్సిన చోటు చూసుకుని దుప్పటి మీద అరచెయ్యి ఆనించాను. కింద పరుపు తప్ప ఏమీ లేదు. అన్నయ్య ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని రెండంగుళాలు పక్కకి జరిపాడు. అక్కడ పెట్టి, పైన తన చెయ్యి వేశాడు.

"బాగా ఉందా అన్నయ్యా?"

ఏమీ లేదనలేదు. నా కళ్ళలోకి చూసి, ఉందని తలూపాడు.

రెండో చేత్తో ఫోను తీసి డాక్టరమ్మకి చేశాను. ఆవిడ వచ్చేదాకా చెయ్యి అక్కణ్ణించి తియ్యలేదు.